తన వంతెనను చూడని వంతెనల శిల్పి: విలియం షెర్జర్

లోకంలో కొందరికి ఆయుర్దాయం దీర్ఘంగా ఉంటుంది. మరికొందరికి ఆయుర్దాయం స్వల్పమైనా వారు చేసిన పని తరతరాలకు ఉపకరిస్తుంది. ఈ రెండవ కోవకు చెందినవారిలో కవులున్నారు, గణితశాస్త్రజ్ఞులున్నారు, యంత్రశాస్త్ర నిపుణులూ ఉన్నారు. ముప్పది అయిదేండ్లకే కన్నుమూసి, తాను ఊహించిన వంతెనలలో ఒక్కదానినైనా కంటితో చూడలేకపోయిన విలియం డొనాల్డ్ షెర్జర్ అట్టివారిలో ఒకడు.

ఈ పేరు మన దేశంలో అపరిచితమైనది కాదు. రామేశ్వరం యాత్ర చేసిన ప్రతి తెలుగు కుటుంబమూ పాంబన్ వద్ద సముద్రంపై రైలు మెల్లగా సాగిన దృశ్యాన్ని తలచుకొంటుంది. ఆ పాత వారధి నడుమ ఓడలకు దారి ఇవ్వడానికి పైకి లేచే భాగమొకటి ఉండేది. రైల్వే ఉద్యోగులు మొదలుకొని జాలరుల వరకు అందరూ దానిని షెర్జర్ స్పాన్ అనే పిలుస్తూ వచ్చారు. పేరు ఇంతగా వ్యాపించినా ఆ మనిషిని గురించి తెలిసినవారు అరుదు. మన పత్రికలలో పలుమార్లు ఆయనను జర్మనీ దేశపు ఇంజనీరుగా పేర్కొన్నారు. ఆయనే పాంబన్‌కు వచ్చి 1914లో ఆ భాగాన్ని నిలబెట్టినాడని నమ్మేవారూ ఉన్నారు. నిజానికి ఆయన అమెరికా దేశస్థుడు. పాంబన్ వారధిపై తొలి రైలు నడిచేనాటికి ఆయన మరణించి ఇరువది ఏండ్లు దాటింది. కనుక ఆయన జీవితాన్ని, ఆయన ఊహకు రూపమైన ఆ వంతెన చరిత్రను ఒక్కచోట చెప్పుకోవడం అవసరం.

షెర్జర్ 1858వ సంవత్సరం జనవరిలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పెరూ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆ పట్టణం ఇల్లినాయ్ నది ఒడ్డున ఉన్నది. ఆ రోజులలో అమెరికాలో రైలుమార్గాలు శరవేగంతో విస్తరిస్తున్నాయి. రైలు వెళ్ళిన ప్రతిచోటా నదులు అడ్డువచ్చేవి, ఆ నదులపై వంతెనలు కావలసివచ్చేవి. వంతెనలు కట్టే విద్యను శాస్త్రీయంగా బోధించడంలో అప్పటికి ఐరోపా పాఠశాలలకు గొప్ప పేరు ఉండేది. షెర్జర్ సముద్రాలు దాటి స్విట్జర్లండులోని జూరిక్ నగరపు పాలిటెక్నిక్‌లో చేరి, 1880లో సివిల్ ఇంజనీరింగు పట్టా పొందాడు.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత ఆయన పిట్స్‌బర్గ్‌లోని కీస్టోన్ బ్రిడ్జ్ కంపెనీలో పనిచేశాడు. ఉక్కు వ్యాపారంలో చక్రవర్తి అనిపించుకొన్న ఆండ్రూ కార్నెగీకి చెందిన సంస్థ అది. ఇనుము వెనుకపడి ఉక్కు ముందుకు వస్తున్న కాలమది. ఏ దూలం ఎంత బరువు మోస్తుంది, ఏ అతుకు ఎక్కడ బలహీనపడుతుంది అనే లెక్కలలో షెర్జర్ అక్కడ ఆరితేరాడు. 1893లో ఉద్యోగం విడిచి, షికాగో నగరంలో స్వంతంగా సలహా ఇంజనీరుగా వృత్తి ప్రారంభించాడు.

షికాగోకే ఎందుకు వెళ్ళాడో తెలియాలంటే ఆనాటి ఆ నగరపు చిక్కును కొంచెం తెలుసుకోవాలి. 1871లో జరిగిన మహాగ్నిప్రమాదంలో నగరంలో పెద్దభాగం బూడిదయింది. ఆ బూడిదలోనుంచే ఇరువదేండ్లలో మహానగరం లేచింది. నగరం నడిబొడ్డున షికాగో నది ప్రవహిస్తుంది. అది వెడల్పయిన నది కాదు. అయినా ధాన్యం, కలప, ఖనిజాలు తెచ్చే ఓడలు దాని పొడవునా తిరుగుతూ ఉండేవి. నదికి ఇరువైపులా జనసమ్మర్దం. వీధుల వాహనాలకు వంతెన మూసి ఉండాలి, ఓడలకు తెరచి ఉండాలి. ఈ ఇద్దరి అవసరాలను ఏకకాలంలో తీర్చడం అసాధ్యమయ్యేది.

అప్పటివరకు అక్కడ వాడుకలో ఉన్నవి తిరుగుడు వంతెనలు. నది మధ్యలో ఒక స్తంభం కట్టి, దానిపై వంతెనను అడ్డంగా నిలిపేవారు. ఓడ వచ్చినప్పుడు తిరగలి రాయి తిరిగినట్లు వంతెన మొత్తం పక్కకు తిరిగేది. ఆ నడిమి స్తంభం వల్ల ఇరుకైన నది మరింత ఇరుకయ్యేది. వంతెన తిరగడానికి ఒడ్డున చాలా స్థలం ఖాళీగా విడవవలసివచ్చేది. గజం నేల కూడా విలువైన ఆ నగరంలో అది తగని వ్యవస్థ.

ఇట్టి సమయంలో మెట్రోపాలిటన్ వెస్ట్ సైడ్ అనే ఎత్తు రైలుమార్గం వారికి వాన్ బ్యూరెన్ వీధి సమీపాన నదిని దాటే వంతెన అవసరమయింది. పక్కనే మరొక వంతెన ఉండటం చేత తిరుగుడు వంతెనకు అక్కడ చోటు లేదు. ఆ సమస్య షెర్జర్ ముందుకు వచ్చింది. అప్పుడు లండన్‌లో నిర్మాణమవుతున్న టవర్ బ్రిడ్జి పద్ధతిని ఆయన మొదట పరిశీలించాడు. ఆ పద్ధతిలో వంతెన రెక్క ఒక ఇరుసుపై తిరిగి పైకి లేస్తుంది. వెనుక భాగపు బరువు కిందికి దిగడానికి నీటిమట్టం వద్ద పెద్ద గొయ్యి కావాలి. భారమంతా ఇరుసు మీదనే పడుతుంది. షికాగో నది ఒడ్డున అది అనుకూలించదని ఆయన గ్రహించాడు. అప్పుడు ఆయనకు తట్టిన ఉపాయమే నేడు ఆయన పేరుతో పిలువబడే దొర్లుడు వంతెన.

ఈ ఉపాయాన్ని మన పల్లెటూరి అనుభవంతో సులభంగా బోధపరచుకోవచ్చు. ఏతాము తొక్కే రైతు ఒక చివర తన బరువును మోపి రెండవ చివరనున్న నీటి బానను పైకి తెస్తాడు. రెండు వైపులా బరువులు సరితూగితే కొద్ది బలంతో పెద్ద భారం లేస్తుంది. ఎత్తే వంతెనలన్నింటికీ ఇదే మూలసూత్రం. షెర్జర్ దీనికి మరొక మెట్టు జోడించాడు. వంతెన రెక్క మొదలును వృత్తఖండంగా వంచి, దానిని చదునైన ఉక్కు పట్టాపై నిలబెట్టాడు. ఇరుసు చుట్టూ తిరగడానికి బదులుగా ఆ మొదలు ఊగుడు కుర్చీ కాళ్ళవలె వెనుకకు దొర్లుతుంది. దొర్లుతున్న కొద్దీ రెక్క కొన పైకి లేస్తుంది. జారిపోకుండా పట్టాపైన పళ్ళు, వంపు భాగంలో వాటికి సరిపడే గుంటలు ఉంటాయి.

ఇక్కడ ఒక చిన్న రహస్యమున్నది. సైకిలు సమతలమైన రోడ్డుపై పోతున్నప్పుడు చక్రం తిరుగుతూనే ఉంటుంది. కాని చక్రం నడిమి భాగం నేలనుండి ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. షెర్జర్ తన రెక్క వెనుక తగిన ప్రతిభారాన్ని అమర్చి, మొత్తం రెక్క గరిమనాభి ఆ వృత్తపు కేంద్రం వద్దనే ఉండేటట్లు చేశాడు. అందువల్ల వందలాది టన్నుల రెక్క కళ్ళకు పైకి లేస్తున్నట్లు కనిపించినా, దాని గరిమనాభి అదే ఎత్తులో వెనుకకు జరుగుతుంది. ఎత్తవలసిన బరువంటూ ఏమీ మిగలదు. గాలి వత్తిడిని, కొద్దిపాటి ఘర్షణను ఎదిరిస్తే చాలు. పైగా రెక్క లేస్తూనే వెనుకకు తొలగుతుంది కనుక తక్కువ పొడవుగల రెక్కతోనే ఓడకు ఎక్కువ దారి దొరుకుతుంది. నది నడుమ స్తంభం అక్కరలేదు, ఒడ్డున లోతైన గొయ్యీ అక్కరలేదు.

ఈ ఊహ కాగితంపై పూర్తయింది. కాని విధి మరొక విధంగా నిర్ణయించింది. 1893 జూలైలో, స్వంత వృత్తి ప్రారంభించిన ఏడాదే, షెర్జర్ మరణించాడు. ఆయన కల్పనకు పేటెంటు హక్కు ఆ సంవత్సరం డిసెంబరులో మంజూరయింది. హక్కుపత్రం వచ్చేసరికి హక్కుదారుడు లేడు. తమ్ముడు ఆల్బర్ట్ షెర్జర్ అన్న పనిని తన భుజాలకెత్తుకొన్నాడు. షెర్జర్ రోలింగ్ లిఫ్ట్ బ్రిడ్జ్ కంపెనీ పేరుతో సంస్థను నడిపి ఆ పద్ధతిని దేశదేశాలకు చేర్చాడు. 1895లో షికాగోలో వాన్ బ్యూరెన్ వీధి వంతెన, దాని పక్కనే మెట్రోపాలిటన్ రైలు వంతెన లేచినవి. అన్న ఊహించినదానిని తమ్ముడు నిలబెట్టాడు. పెద్దల పని మధ్యలో ఆగిపోయినప్పుడు దానిని అందుకొనే చేయి ఒకటి ఉండాలనే సత్యానికి ఈ సోదరుల కథ నిదర్శనం.

న్యాయంగా చెప్పవలసివస్తే షెర్జర్ పద్ధతికి లోపం లేకపోలేదు. రెక్క దొర్లేటప్పుడు భారం ఒకేచోట ఉండక స్తంభంపై ముందుకు వెనుకకు కదులుతుంది. పునాది నేల మెత్తనిదైతే అది ప్రమాదం. పట్టాలు కూడా అరుగుతాయి. అందుచేతనే షికాగో నగరపాలకులు 1902 నుండి తమ వీధి వంతెనలకు మరల ఇరుసు పద్ధతినే మెరుగుపరచి అవలంబించారు. అయినా రైలుమార్గాలకు మాత్రం షెర్జర్ వంతెన ఎంతోకాలం ప్రీతిపాత్రమైనది. అమెరికా దాటి ఇంగ్లండుకు, ఐర్లండుకు, చివరకు మన దక్షిణ సముద్రానికి చేరింది.

1893 సంవత్సరం, షికాగో నగరం అనగానే మనకు స్వామి వివేకానంద జ్ఞాపకం రావడం సహజం. షెర్జర్ కన్నుమూసిన రెండు నెలలకు వివేకానందుడు ఆ నగరపు సర్వమత మహాసభలో ప్రసంగించాడు. 1897 జనవరిలో ఆయన సింహళం మీదుగా స్వదేశానికి తిరిగివచ్చి పడవ దిగినది పాంబన్ రేవులోనే. అప్పటికి అక్కడ వారధి లేదు. రామేశ్వరం వెళ్ళే యాత్రికులందరూ ప్రధాన భూభాగంనుండి పడవలలో ఆ జలసంధిని దాటవలసిందే.

దక్షిణ భారత రైల్వే వారు సింహళంతో వర్తకాన్ని ఆశించి ఆ జలసంధిపై వారధిని తలపెట్టారు. ద్వీపం కొసనున్న ధనుష్కోటి వరకు రైలు, అక్కడనుండి సింహళంలోని తలైమన్నారుకు ఓడ అనే ఏర్పాటు నిశ్చయమయింది. 1911లో పని ప్రారంభమై 1914 ఫిబ్రవరి 24న వారధి తెరవబడింది. దాని పొడవు రెండు కిలోమీటర్లకు పైగా ఉన్నది. నీటిలో 143 స్తంభాలు నిలిచినవి. జలసంధిలో పడవలు, చిన్న ఓడలు తిరగవలసి ఉన్నందున నడుమ ఒకచోట దారి తెరిచే భాగం తప్పనిసరి అయింది. అందుకు షెర్జర్ పద్ధతిని ఎన్నుకొన్నారు. 225 అడుగుల ఆ భాగానికి రెండు రెక్కలు. ఒక్కొక్క రెక్క బరువు సుమారు 415 టన్నులు. అంత బరువును పళ్ళ చక్రాల సాయంతో కొద్దిమంది కూలీలు చేతులతోనే పైకి లేపేవారు. షికాగోలో కాగితంపై గీసిన ఆ వృత్తఖండపు లెక్క సరియైనదని అనడానికి ఇంతకన్న ఏ సాక్ష్యం కావాలి?

ఆ వారధి అందరికీ ఒకే రీతిగా మేలు చేయలేదని కూడా చెప్పవలసి ఉన్నది. తరతరాలుగా యాత్రికులను పడవలలో చేరవేసి జీవించిన రామేశ్వరపు ముస్లిం కుటుంబాలకు రైలు రాకతో ఆ జీవనాధారం సన్నగిల్లింది. అట్టి కుటుంబంలోనే 1931లో అబ్దుల్ కలాం జన్మించాడు. పూర్వులు ఆస్తిపాస్తులు గలవారైనా ఆయన బాల్యం నాటికి అవి తరిగిపోయినవి. తండ్రి జైనులాబ్దీన్ పడవ నడిపేవాడు. యుద్ధకాలంలో రైలు ఆగకుండా పోతూ విసిరిన వార్తాపత్రికల కట్టలను ఏరుకొని పంచి ఆ బాలుడు తొలి సంపాదన చేశాడు. పెద్దల జీవనోపాధిని తీసుకొన్న ఆ రైలే బాలునికి లోకపు వార్తలు తెచ్చిపెట్టింది. యంత్రవిద్యలో ఆయన ఎంతటివాడైనదీ మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోటిని నేలమట్టం చేసింది. పాంబన్ నుండి బయలుదేరిన పాసింజరు రైలు ధనుష్కోటి చేరువలో కెరటాలకు బలియై వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారధి దూలాలు వందకు పైగా సముద్రంలో పడిపోయినవి. ఆ ప్రళయంలోనూ షెర్జర్ భాగం చెక్కుచెదరక నిలిచింది. అప్పటికి యువ ఇంజనీరుగా ఉన్న ఇ. శ్రీధరన్ పర్యవేక్షణలో జాలరుల సాయంతో సముద్రగర్భంనుండి దూలాలను వెలికితీసి, 46 దినాలలోనే వారధిని పునరుద్ధరించారు. ధనుష్కోటి రైలుమార్గం మాత్రం మరల లేవలేదు. రామేశ్వరమే చివరి స్టేషనుగా మిగిలింది.

1988లో పక్కనే రోడ్డు వంతెన వచ్చేవరకు ద్వీపానికి నేలదారి ఈ రైలు వారధి ఒక్కటే. ఉప్పుగాలికి ఉక్కు నిరంతరం తుప్పు పడుతూ ఉండేది. తుప్పు గోకి రంగు పూయడం ఎన్నడూ ముగియని పని. గాలి వేగం గంటకు 58 కిలోమీటర్లు దాటితే రైలును ఆపివేసే ఏర్పాటు ఉండేది. 2007లో మీటర్‌గేజి మార్గాన్ని బ్రాడ్‌గేజిగా మార్చినప్పుడు పాత రెక్కలను బలపరచి, పెద్ద రైళ్ళకు కూడా ఉపయోగపరచారు. 2022 డిసెంబరులో భద్రతాకారణాల వల్ల దానిపై రైళ్ళు నిలిపివేశారు. 2025 ఏప్రిల్ 6న కొత్త వారధి ప్రారంభమయింది. అందులో 72.5 మీటర్ల భాగం రెండు గోపురాల నడుమ నిట్టనిలువుగా పైకి లేస్తుంది. దీనిని విద్యుచ్ఛక్తి నడుపుతుంది.

ఈ కొత్త పద్ధతికి కూడా షికాగోతో బంధుత్వమున్నది. నిలువుగా లేచే పెద్ద వంతెనను వాడెల్ అనే ఇంజనీరు 1894లో షికాగో నదిపైనే, హాల్‌స్టెడ్ వీధి వద్ద నిర్మించాడు. మరుసటి సంవత్సరమే అదే నదిపై షెర్జర్ వంతెనలు లేచినవి. ఒకే నది కష్టాన్ని తీర్చడానికి ఒక్క ఏడాది తేడాతో పుట్టిన రెండు ఉపాయాలు, నూటపదకొండు సంవత్సరాల తేడాతో పాంబన్ జలసంధిలో పక్కపక్కన చేరినవి. యంత్రశాస్త్ర చరిత్రలో ఇట్టి సన్నివేశం అరుదు.

షికాగోలో షెర్జర్ పద్ధతికి నాంది పలికిన ఆ తొలి వంతెనలు రెండూ నేడు లేవు. ఇంగ్లండులో ట్రెంట్ నదిపై కీడ్‌బీ వద్ద 1916లో కట్టిన షెర్జర్ వంతెన పైకి లేవడం మానివేసి అనేక దశాబ్దాలైనా, రైళ్ళను వాహనాలను మోస్తూ రక్షిత కట్టడంగా గౌరవం పొందుతున్నది. డబ్లిన్ రేవు వీధులలో అదే కాలపు షెర్జర్ వంతెనలు ఆ పట్టణానికి గుర్తులైనవి. మన రాజమహేంద్రవరంలో గోదావరిపై 1900లో తెరచిన హేవ్‌లాక్ వంతెన 1997లో రైళ్ళకు సెలవు చెప్పింది. అయినా ఆ నగరవాసులు దానిని పనికిరాని ఇనుముగా తలచక, కాపాడవలసిన ఆస్తిగా ఎంచుతూ వచ్చారు. పాంబన్ పాత వారధి మొత్తాన్ని సముద్రంలో కలకాలం నిలపడం కష్టసాధ్యమే. తుప్పుపట్టిన స్తంభాలు ఓడలకు అడ్డు కారాదు. వాటి పోషణకు ధనం కావాలి. ఈ వాదంలో న్యాయమున్నది. కాని ఆ రెండు రెక్కల మాట వేరు. వాటిని ఒడ్డునైనా, రైల్వే ప్రదర్శనశాలలోనైనా కదలగలిగే స్థితిలో నిలబెట్టినట్లయితే, బరువును బుద్ధితో ఎలా జయించవచ్చునో ప్రతి విద్యార్థీ తన చేతితో పళ్ళ చక్రాన్ని తిప్పి తెలుసుకొంటాడు. పుస్తకంలోని పటం ఆ జ్ఞానాన్ని పూర్తిగా ఇవ్వజాలదు.

రెక్కలతోపాటు మరొక సంపద కూడా రక్షింపబడాలి. ఆ చక్రాలను తిప్పిన కూలీలు, తుప్పు గోకిన పనివారు, తుపాను తరువాత దూలాలను వెదకిన జాలరులు, రైలు వచ్చి బ్రతుకుతెరువు కోల్పోయిన పడవవారు, వీరి జ్ఞాపకాలను వ్రాసిపెట్టినవారు తక్కువ. ఇనుమును కరిగించినా నమూనా చేసి పెట్టుకోవచ్చు. మనుషుల జ్ఞాపకం పోతే నమూనా దొరకదు. ఈ పనికి పెద్ద ధనం అక్కరలేదు. సెలవులలో యాత్రకు వెళ్ళే విద్యార్థి ఒక నోటుపుస్తకంతో ఆరంభించవచ్చును.

షెర్జర్ జీవితం నుండి విద్యార్థులు గ్రహించవలసినది స్పష్టంగానే ఉన్నది. ఆయన చదువు కోసం దూరదేశం వెళ్ళాడు, పరాయి సంస్థలో ఓపికతో పని నేర్చాడు, ఒక ఇరుకు చోటు పెట్టిన చిక్కును భాగ్యంగా మార్చుకొన్నాడు. ఫలితాన్ని చూడటానికి ఆయనకు వ్యవధి దొరకలేదు. అయినా లెక్క సరిగా వేసి వెళ్ళాడు కనుక తమ్ముడు దానిని అందుకొన్నాడు, ఎన్నడూ చూడని సముద్రంలో ఎన్నడూ ఎరుగని కూలీలు దానిని శతాబ్దానికి పైగా నడిపించారు. మన కళాశాలలో ఇంజనీరింగు కోరుకొనే బాలబాలికలు రామేశ్వరం వైపు వెళ్ళినప్పుడు కొత్త వారధి వేగాన్ని చూచి సంతోషించాలి. దానితోపాటు ఆ రెండు రెక్కలు ఎక్కడ ఉన్నవో, ఏ స్థితిలో ఉన్నవో అడిగి తెలుసుకోవాలి. అడిగేవారు ఉన్నంతకాలం వాటిని కాపాడవలసిన బాధ్యత గలవారికి అది జ్ఞాపకం ఉంటుంది.